గుండె వాల్వు లీకు ఉన్న పాపకు 21 రోజుల సూది ఆపవచ్చా?

లింగాల మేనమామ

అందరికీ నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటిన తర్వాత లింగాల వైపున్న ఒక పల్లె. మా చెల్లెలి బిడ్డకు ఇప్పుడు 13 ఏళ్లు. గురుకుల పాఠశాల హాస్టల్లో ఉండి ఎనిమిదవ తరగతి చదువుతున్నది. పాప తల్లిదండ్రులు పుణె దగ్గర బిల్డింగ్ పనులకు వలస పోయినందువల్ల ఆమె మంచిచెడ్డలు నేనూ, మా అమ్మా చూసుకుంటున్నాము.

నిరుడు చలికాలంలో పాపకు గొంతు నొప్పి వచ్చి దానంతట అదే తగ్గింది. కొన్ని వారాల తర్వాత జ్వరం పట్టుకొని మొదట కుడి మోకాలు వాచింది, అది తగ్గేసరికి ఎడమ చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి వాచాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీలకు వాపు వెంటనే దిగింది గానీ, మెట్లెక్కితే దమ్ము రావడం, గుండె దడ మొదలయ్యాయి. మహబూబ్‌నగర్ తీసుకుపోతే డాక్టరు గారు ఎకో (గుండె స్కానింగ్) తీయించి, ఇది రుమాటిక్ జ్వరమని, దానివల్ల గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు కొద్దిగా లీకు అవుతున్నదని, 21 రోజులకు ఒకసారి పెనిడ్యూర్ (బెంజాథిన్ పెన్సిలిన్) 12 లక్షల యూనిట్ల సూది తప్పకుండా వేయించాలని చెప్పారు.

ఇప్పుడు పాప బాగానే ఉన్నది. దమ్ము లేదు, జ్వరం లేదు, కబడ్డీ కూడా ఆడుతున్నది. అందుకే ఇంట్లో సూది గురించి మాట పడుతున్నది. ఇన్ని సూదులు వేయిస్తే పిల్ల ఒళ్లు పాడైపోతుందని, రేపు పిల్లలు పుట్టరేమోనని మా అమ్మ భయం. గుండె జబ్బు అని నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని పాప తండ్రి ఫోన్లో బాధపడుతున్నాడు. సూది వేసిన రోజు పాప సరిగ్గా నడవలేక ఏడుస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆ సూది తాను వేయనని ఖరాఖండిగా చెప్పాడు. ఎండాకాలం సెలవుల్లో పాప పుణె పోయినప్పుడు రెండు సూదులు తప్పిపోయాయి, అయినా ఏమీ కాలేదు.

జబ్బు తగ్గినట్టే కనిపిస్తున్నప్పుడు సూది ఆపవచ్చా? ఆపకూడదంటే ఎన్నేళ్లు వేయించాలి? బదులుగా గోలీలు సరిపోతాయా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

దేవరకొండ స్టాఫ్ నర్సు

అన్నా, నమస్కారం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ సూది వేసే పని చాలా కాలంగా చేస్తున్నాను కాబట్టి సూది సంగతి మాత్రం నేను చెబుతాను. ఎన్నేళ్లు వేయించాలన్నది డాక్టర్లు చెప్పాలి. నా వరకు ఒక్క మాట, ఆపకండి.

ముందుగా, మీ ఊరి ఆర్‌ఎంపీ వేయననడం మంచి పనే. పెన్సిలిన్ పడనివారికి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, బీపీ పడిపోవడం వంటివి నిమిషాల్లో రావచ్చు. అది చాలా అరుదు, కానీ వచ్చినప్పుడు అడ్రినలిన్ సూది, ఆక్సిజన్, వాటిని వాడటం తెలిసిన మనిషి పక్కనే ఉండాలి. అందుకే డాక్టరు ఉన్న సమయంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, ఏరియా ఆసుపత్రిలో గానీ వేయించండి. వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టండి. ఇదివరకు వేసినప్పుడు ఏమీ కాలేదు కదా అని వెంటనే ఆటో ఎక్కించవద్దు.

నొప్పి గురించి పాప ఏడుస్తున్నదంటే నాకు ఆశ్చర్యం లేదు. ఈ మందు సీసాలో పొడిగా ఉంటుంది, నీళ్లు కలిపితే పాలలాగా తెల్లగా, చిక్కగా అవుతుంది. సరిగ్గా కలవకపోతే సూదిలో అడ్డం పడుతుంది, సన్నని సూది వాడితే మధ్యలో ఆగిపోయి రెండోసారి గుచ్చవలసి వస్తుంది. పిల్లలు దీనికే ఎక్కువ బెదురుతారు. కాబట్టి బాగా కలిపి, కొంచెం లావు సూదితో, పిరుదు పైభాగంలో బయటి వైపున, తొందర లేకుండా రెండు మూడు నిమిషాలు తీసుకొని మెల్లగా ఎక్కించాలి. గుచ్చే ముందు ఆ చోటును బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. డాక్టరు ఒప్పుకుంటే నీళ్లకు బదులు మత్తు మందు లిగ్నోకైన్ కలిపి కూడా వేస్తారు. పాపను పడుకోబెట్టి వేయమని అడగండి, ఖాళీ కడుపుతో తీసుకుపోవద్దు. ఒకసారి కుడివైపు వేస్తే మరుసటిసారి ఎడమవైపు వేయాలి. తర్వాత మంచం పట్టకుండా కాసేపు నడిపిస్తే పట్టేసినట్టున్న కండరం సడలుతుంది. నర్సుకు మీరు ఈ మాటలు చెబితే ఎవరూ తప్పుగా అనుకోరు, రోజూ ఈ సూది వేయనివారికి ఈ జాగ్రత్తలు గుర్తుండకపోవచ్చు.

తేదీ మరచిపోకుండా ఉండటానికి ఒక తేలికైన పద్ధతి ఉన్నది. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు. మొదటి సూది బుధవారం పడితే తర్వాతి సూదులన్నీ బుధవారమే వస్తాయి. హాస్టల్ వార్డెన్ మేడమ్‌తో మాట్లాడి, ఏడాదికి సరిపడా తేదీలను గోడ క్యాలెండర్ మీద ఇప్పుడే గుర్తు పెట్టించండి. ఆదివారాలు, పండుగ రోజులు తగిలితే ఒకటి రెండు రోజులు ముందు వేయించవచ్చు, వెనక్కి మాత్రం జరపవద్దు. పాప పుణె పోయేటప్పుడు డాక్టరు చీటీ, ఎకో రిపోర్టు, సూదులు వేసిన తేదీల కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపండి. అక్కడి సర్కారు దవాఖానలో వాటిని చూపిస్తే సూది వేస్తారు.

నల్లగొండ ఫిజీషియన్

మేనమామ గారూ, నర్సమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవి. మీ ఇంట్లో వాదన అంతా ఒక అపోహ మీద నిలబడి ఉన్నది. పాపకు జబ్బు ఉన్నందుకు సూది వేస్తున్నారని, జబ్బు తగ్గింది కాబట్టి సూది అక్కరలేదని మీరు అనుకుంటున్నారు. ఈ సూది వాల్వును బాగు చేయదు. పాపకు మరొకసారి రుమాటిక్ జ్వరం రాకుండా అడ్డుకోవడానికే వేస్తున్నారు. పాప బాగున్నదంటే సూది తన పని తాను చేస్తున్నదని అర్థం.

గొంతు నొప్పి తెచ్చే సూక్ష్మక్రిముల్లో గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనేది ఒకటి. దాని పైపొరలోని కొన్ని మాంసకృత్తులు మన గుండె వాల్వుల్లో, కీళ్లలో ఉండే మాంసకృత్తులను పోలి ఉంటాయి. క్రిమిని చంపడానికి ఒంట్లో తయారైన రక్షణ బలగం, ఆ పోలిక వల్ల, కొందరు పిల్లల్లో వారి సొంత గుండె మీదే పడుతుంది. గొంతు నొప్పి తగ్గిన రెండు నాలుగు వారాలకు జ్వరం, ఒక కీలు నుంచి మరొక కీలుకు పాకే వాపు రావడం అందుకే. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో వస్తుంది. ఇరుకైన గదుల్లో ఎక్కువ మంది కలిసి పడుకునే చోట ఈ క్రిమి తేలికగా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి హాస్టళ్లలో, వలస కూలీల రేకుల షెడ్లలో ఉండే పిల్లలకు ముప్పు ఎక్కువ. ఈ జబ్బు కీళ్లను నాకుతుంది గానీ గుండెను కరుస్తుందని ఫ్రాన్సు దేశపు వైద్యుడు లాసేగ్ 19వ శతాబ్దంలోనే అన్నారు. కీళ్ల వాపు ఏ మచ్చా లేకుండా పోతుంది. వాల్వుకు తగిలిన దెబ్బ అలా పోదు.

ఒకసారి ఈ జ్వరం వచ్చిన పిల్లలకు మళ్లీ స్ట్రెప్టోకాకస్ సోకితే తిరగబెట్టే అవకాశం మిగతా పిల్లలకంటే చాలా ఎక్కువ. తిరగబెట్టిన ప్రతిసారీ వాల్వు రెక్కలు మరింత మందమై, అంచులు ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి. మొదట లీకుగా ఉన్న జబ్బు ఏళ్లు గడిచాక సన్నబడటంగా మారుతుంది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల వెడల్పు తెరుచుకోవలసిన మైట్రల్ వాల్వు 1.5 కంటే తక్కువకు కుంచించుకుపోయిందంటే అది తీవ్రమైన జబ్బు. ఇంత జరుగుతున్నా చాలా కాలం మనిషికి ఏమీ తెలియదు. మీ పాపకు రెండు సూదులు తప్పినా ఏమీ కాలేదన్నారు, ఆ రోజుల్లో క్రిమి సోకలేదని మాత్రమే దాని అర్థం. బెంజాథిన్ పెన్సిలిన్ కండరంలో నిలవ ఉండి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది, మూడు వారాలు దాటేసరికి క్రిమిని ఆపేంత మోతాదు ఉంటుందని చెప్పలేము. 21 రోజుల లెక్క అక్కడి నుంచే వచ్చింది. తప్పిపోయిన వాటికి బదులుగా రెండు సూదులు ఒకేసారి వేయవలసిన పని లేదు. వెంటనే తిరిగి మొదలుపెట్టండి, మధ్యలో జ్వరం గానీ, దమ్ము గానీ వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఇక ఎన్నేళ్లు అన్న ప్రశ్న. గుండెకు అసలు దెబ్బ తగలని పిల్లలకు కనీసం 5 ఏళ్లు, లేదా యుక్తవయసు దాటే వరకు, ఏది ఎక్కువైతే అంతకాలం వేస్తారు. గుండెకు దెబ్బ తగిలి పూర్తిగా మానినవారికి కనీసం 10 ఏళ్లు, లేదా 21 నుంచి 25 ఏళ్లు నిండే వరకు. వాల్వు జబ్బు నిలిచిపోయినవారికి 40 ఏళ్ల దాకా, కొందరికి జీవితాంతం కూడా అవసరం కావచ్చు. మీ పాప ఏ వర్గంలోకి వస్తుందన్నది ఏటా తీసే ఎకోను బట్టి ఆమెను చూస్తున్న డాక్టరే నిర్ణయించాలి. ఒక ఆశ కలిగించే విషయం కూడా చెబుతాను. మొదటిసారి జ్వరంలో కొద్దిపాటి లీకు మాత్రమే ఉన్న పిల్లల్లో, సూది క్రమం తప్పకుండా పడితే, కొన్నేళ్లలో ఆ లీకు తగ్గిపోవడం, చాలామందిలో కనిపించకుండా పోవడం కూడా మేము చూస్తాము. మీ పాపకు ఆ అవకాశం ఉన్నది, సూది మానేస్తే దాన్ని చేజేతులా పోగొట్టినట్టే అవుతుంది.

గోలీల సంగతికి వస్తే, పెన్సిలిన్ వి గోలీలు రోజుకు రెండు పూటలా వేసుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఒక్క పూట తప్పకుండా మింగడం ఏ ఇంట్లోనూ జరగదు, అందుకే సూదే మేలైన రక్షణ. పెన్సిలిన్ పడనివారికి వేరే మందులు ఉన్నాయి. వాల్వు జబ్బు బాగా ముదిరి గుండె బలహీనపడినవారికి మాత్రం, సూది నొప్పికి స్పృహ తప్పి ప్రమాదం జరిగే అవకాశం ఉన్నందున, గోలీలే మంచివని ఇప్పుడు చెబుతున్నారు. మీ పాపకు అది వర్తించదు. ఈ సూది వల్ల గర్భసంచికి, ఎముకలకు ఏ హానీ లేదని అమ్మగారికి నా మాటగా చెప్పండి.

ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం ఒక మాట. కాళ్లు గుంజుతున్నాయన్న ప్రతి పిల్లకూ రక్తంలో ఏఎస్ఓ పరీక్ష చేయించి, అది ఎక్కువగా ఉన్నదని ఏళ్ల తరబడి పెనిడ్యూర్ వేయించడం మన వైపు చూస్తున్నాను. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. ఏఎస్ఓ పెరగడమంటే ఈ మధ్య కాలంలో ఆ క్రిమి సోకిందని మాత్రమే. రుమాటిక్ జ్వరాన్ని నిర్ధారించడానికి 1944లో జోన్స్ అనే వైద్యుడు రూపొందించిన, తర్వాత పలుమార్లు సవరించిన ప్రమాణాలు ఉన్నాయి. కీళ్ల వాపు, గుండెకు దెబ్బ, తనకు తెలియకుండానే చేతులు కాళ్లు ఆడిపోవడం వంటి లక్షణాలను చూసి, అవసరమైతే ఎకో తీసి తేల్చవలసిన జబ్బును ఒక్క కాగితం మీది అంకెతో తేల్చకూడదు.

వనపర్తి అక్క

తమ్ముడూ, మీ బావ గారి భయం నాకు బాగా తెలుసు కాబట్టి రాస్తున్నాను. నాకు చిన్నతనంలో ఇదే జబ్బు వచ్చింది, ఇదే సూది వేయించేవారు. సంబంధాలు చూడటం మొదలుపెట్టగానే, నెల నెలా దవాఖానకు పోతే ఊళ్లో మాట పుడుతుందని మా పెద్దలు సూది ఆపించారు. అత్తగారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన తర్వాత మామూలుగానే ఉన్నాను, పొలం పనులు కూడా చేశాను.

కడుపుతో ఉన్నప్పుడు బయటపడింది. ఏడో నెల వచ్చేసరికి వెల్లకిలా పడుకోలేకపోయేదాన్ని. రాత్రిపూట గోడకు దిండు ఆనించుకొని కూర్చొనే నిద్రపోయేదాన్ని. దగ్గితే గులాబీ రంగు నురగ వచ్చేది. మొదట చూపించిన చోట రక్తం తక్కువగా ఉన్నదని టానిక్కులు ఇచ్చారు, ఆ తర్వాత ఆస్తమా అన్నారు. నాకు చిన్నప్పుడు గుండె జబ్బు ఉండేదని చెప్పడానికి నా పక్కన ఎవరూ లేరు, చెప్పకూడదని నాకు నేర్పారు. చివరికి ఒక డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, వెంటనే ఎకోకు పంపింది. గర్భిణికి ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుందట. సన్నబడిన వాల్వు గుండా అంత రక్తం పోలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని అప్పుడు చెప్పారు.

హైదరాబాద్‌లో తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి వాల్వును వెడల్పు చేశారు. ఛాతీ కోయలేదు. ఆరోగ్యశ్రీ కింద జరిగింది కాబట్టి అప్పు చేయవలసిన అవసరం రాలేదు. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి, మా ఊళ్లో గుండె ఆపరేషన్ చేయించుకున్నవారు చాలామందే ఉన్నారు. నా బిడ్డ క్షేమంగా పుట్టింది. నాతోపాటు ఆ వార్డులో ఉన్న ఒక చెల్లెకు మాత్రం వాల్వు గట్టిపడి బెలూన్‌కు లొంగలేదు, లోహపు వాల్వు వేశారు. ఆమె జీవితాంతం రక్తం పలుచన చేసే గోలీ వేసుకోవాలి, రక్తం ఎంత పలుచగా ఉన్నదో చూసే ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి, గోంగూర, తోటకూర తినడంలో కూడా ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ కాకుండా ఒకే తీరుగా ఉండాలి. ఆ గోలీ గర్భంలోని శిశువుకు హాని చేయవచ్చు కాబట్టి మళ్లీ గర్భం దాల్చాలంటే ముందే డాక్టర్లతో మాట్లాడుకోవాలని ఆమెకు చెప్పారు. ఆమెకు అప్పటికి ఇంకా పిల్లలు లేరు.

కొద్దిపాటి లీకు ఉన్న పిల్లకు పెళ్లి చేయవచ్చు, పిల్లలను కనవచ్చు. నాకు చేటు చేసింది సూది కాదు, దాచిపెట్టడం. మీ బావ గారికి నా మాట చదివి వినిపించండి. సంబంధం కుదిరేటప్పుడు అబ్బాయి వైపు వారికి ఎకో రిపోర్టు చూపించి చెప్పండి. విని వెనక్కి పోయేవారు, రేపు పిల్లకు దమ్ము వస్తే దవాఖానకు తీసుకుపోతారని నాకు నమ్మకం లేదు.

లింగాల మేనమామ

అక్కా, డాక్టరు గారూ, నర్సమ్మా, మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అక్క రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. సూది ఆపే మాట మా ఇంట్లో ఇక లేదు. పాప తండ్రితో ఈ రాత్రి మాట్లాడతాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మందుల షాపులో ఒక్కోసారి ఈ సూది దొరకదు, అప్పుడు ఏం చేయాలి? పాపకు ఒక తమ్ముడు ఉన్నాడు, వాడికి కూడా తరచూ గొంతు నొప్పి వస్తుంది, వాడికీ సూది వేయించాలా?

నల్లగొండ ఫిజీషియన్

తమ్ముడికి ఈ జబ్బు రాలేదు కాబట్టి 21 రోజుల సూది అక్కరలేదు. కానీ వాడి గొంతు నొప్పిని తేలికగా తీసుకోవద్దు. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం ఉంటే చాలావరకు అది మామూలు జలుబే. దగ్గు లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగితే విపరీతమైన నొప్పి, దవడ కింద గడ్డలు ఉంటే డాక్టరుకు చూపించండి. స్ట్రెప్టోకాకస్ అని తేలితే 10 రోజుల పెన్సిలిన్ గానీ, అమాక్సిసిలిన్ గానీ పూర్తిగా వాడాలి. మూడో రోజుకే నొప్పి తగ్గిందని ఆపకూడదు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల లోపు మందు మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. బడికి పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చినప్పుడు పిల్లవాడి గుండెను కూడా వినమని అడగండి. 2013లో మొదలైన ఆ కార్యక్రమంలో వారు చూడవలసిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు కూడా ఉన్నది.

పాప కబడ్డీ గురించి మీరు అడగలేదు గానీ, ఈసారి ఎకో తీసినప్పుడు డాక్టరును అడిగి కొనసాగించండి. కొద్దిపాటి లీకుకు సాధారణంగా ఆట మాన్పించరు. పన్ను పీకించవలసి వస్తే మాత్రం గుండె వాల్వు జబ్బు ఉన్నదని దంతవైద్యుడికి ముందే చెప్పండి. నోట్లోని క్రిములు రక్తంలో చేరి, దెబ్బతిన్న వాల్వు మీద గూడు కట్టుకునే ప్రమాదం ఉన్నది.

దేవరకొండ స్టాఫ్ నర్సు

అన్నా, సూది దొరకకపోవడం మాకూ ఎదురవుతుంది. తేదీకి ఒక వారం ముందే ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసి మందు ఉన్నదో లేదో కనుక్కోండి. లేకపోతే ఫార్మసిస్టుకు చెప్పి జిల్లా ఆసుపత్రి నుంచి తెప్పించమని అడగండి, లేదా అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మందుల షాపుల్లో విచారించండి. కొనేటప్పుడు సీసా మీద బెంజాథిన్ అన్న మాట ఉన్నదో లేదో తప్పకుండా చూడండి. వేరే రకం పెన్సిలిన్ సూదులు మూడు వారాలు ఒంట్లో నిలవవు. ఎక్కడా దొరకని పక్షంలో, దొరికేదాకా పెన్సిలిన్ గోలీలు రాసిమ్మని డాక్టరును అడగండి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీగా వదలవద్దు. వీలైతే ఒక సీసా ముందుగానే కొని, ఎండ, తేమ తగలని చోట ఇంట్లో పెట్టుకోండి, దానిమీది గడువు తేదీ చూసుకోవడం మరవకండి.